పెంటికలు లెక్కపెట్టిన వారం

"ఇంత ఎలక్కి ఆపరేషనేంటే, చోద్యం కాకపోతే!" అంది మా అమ్మ.

ఎలక కాదమ్మా, గినీ పిగ్ అన్నాను. "అంటే పందా?" అంది. పందీ కాదు. గినీ దేశానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, ఇవాళ్టి పెరూ, బొలీవియా వైపు మనుషులు వేల ఏళ్ళ కిందటే మచ్చిక చేసుకున్న జంతువది. అక్కడివాళ్ళు 'కూయ్' అంటారు. మనం పెరట్లో కోళ్ళని పెంచినట్టు వాళ్ళు వంటింట్లోనే పెంచి, పండక్కో చుట్టాలొచ్చినప్పుడో కోసుకు తింటారు. కుస్కో నగరంలోని పెద్ద చర్చిలో ఏసు చివరి విందు బొమ్మ ఒకటుంది. మార్కోస్ సపాటా అనే చిత్రకారుడు 18వ శతాబ్దంలో వేసినది. అందులో బల్ల మధ్య పళ్ళెంలో వెల్లకిలా పడి ఉన్నది ఈ కూయే అంటారు. ఇదంతా విని అమ్మ, "అయితే మరీ బాగుంది, వండుకునేదానికి వైద్యం చేయిస్తున్నావన్నమాట" అని తన పనిలో పడిపోయింది.

మా బొబ్బట్టుకి అయిదున్నరేళ్ళు. గుండ్రంగా, బెల్లం రంగులో ఉంటుందని మా అమ్మాయి పెట్టిన పేరు. గినీ పిగ్‌లు మామూలుగా బతికేదే అయిదు నుంచి ఏడేళ్ళు. అంటే మన లెక్కలో అది మనవల పెళ్ళిళ్ళు చూసిన మామ్మ. కిందటి చలికాలంలో ఒక పొద్దున పంజరంలో పరిచిన తెల్ల తువ్వాలు మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మరక కనిపించింది. మరో రెండు రోజులకి, మూత్రం పోసేటప్పుడల్లా వీపు విల్లులా వంచి సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే తీస్తే మూత్రాశయంలో తెల్లగా, శనగగింజంత రాయి.

మనుషుల కిడ్నీ రాళ్ళు ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్. గినీ పిగ్‌ల రాళ్ళు చాలావరకు కాల్షియం కార్బొనేట్, అంటే సుద్దముక్క జాతి. మన పేగులు ఒంటి అవసరాన్ని బట్టి కాల్షియాన్ని లోపలికి రానిస్తాయి. దీని పేగులు అంత బేరం ఆడవు. తిండిలో ఉన్నదాన్ని ఉన్నట్టు లాగేసి, మిగులంతా మూత్రం వైపు తోసేస్తాయి. దాని మూత్రానిది అసలే క్షార గుణం, అందులో సుద్ద ఇట్టే పేరుకుంటుంది. ఆకుకూరలు మంచివే కదా అని మేము మునగాకు, తోటకూర ఏళ్ళ తరబడి దోసిళ్ళతో పెట్టాం, మునగాకులో కాల్షియం ఎంత ఎక్కువో తెలిసి కూడా. రాయి రావడానికి అదొక్కటే కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేరు గానీ, ఆ తప్పు మాత్రం మాదే. కుక్కల్లో కొన్ని రకాల రాళ్ళు తిండి మారిస్తే కరుగుతాయి. ఈ సుద్దరాయి కరగదు, కోసి తీయాల్సిందే.

కోయడం అనుకున్నంత తేలిక కాదు. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా వందకు పైగా పశువైద్యశాలల్లో మత్తు ఇచ్చిన పెంపుడు జంతువుల లెక్కలు తీశారు. మత్తు తాలూకు కారణాలతో 48 గంటల్లోపు చనిపోయినవి కుక్కల్లో నూటికి 0.17, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39. గినీ పిగ్‌లలో 3.8. కారణాలు ఒకటి రెండు కావు. దాని నోట్లోంచి గొంతులోకి వెళ్ళే దారి సూది బెజ్జంలా ఉంటుంది, గాలి గొట్టం దింపడం మహా కష్టం, అందుకని ఎక్కువమంది డాక్టర్లు మాస్కుతోనే నెట్టుకొస్తారు. ఒళ్ళు చిన్నది, చప్పున చల్లబడుతుంది. జబ్బు ముదిరేదాకా పైకి కనపడనివ్వదు. అదే సర్వేలో ఇంకో సంగతి తేలింది: కుక్కలు, పిల్లులు, కుందేళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయింది ఆపరేషన్ బల్ల మీద కాదు, బల్ల దిగాక.

బొబ్బట్టు బల్ల దిగింది. సాయంత్రం అప్పగిస్తూ డాక్టరుగారు అన్నమాట ఇది: "కుట్ల సంగతి నేను చూసుకుంటానమ్మా. మీరు పెంటికలు లెక్కపెట్టండి."

నవ్వులాటకి అన్నారనుకున్నాను. కాదు.

గినీ పిగ్ పొట్ట లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే దోసెల పిండి గిన్నెని తలుచుకోండి. ఆవు గడ్డి తిని, ముందు కడుపులో సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి, నెమరువేసి, ఆ తర్వాత అరిగించుకుంటుంది. గినీ పిగ్‌కి ఆ పులియబెట్టే గిన్నె వెనక ఉంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట వేలాడే అంధనాళం అది. మనలో దాని తాలూకు తోక అపెండిక్స్, చూపుడువేలంత ఉంటుంది. గినీ పిగ్‌లో అంధనాళమంటే పొట్ట ఎడమవైపంతా పరుచుకున్న సంచి, జీర్ణనాళంలో ఉన్న సరుకులో సగానికి పైగా అందులోనే. అక్కడి సూక్ష్మజీవులు పీచుని విరగ్గొట్టి దానికి శక్తినిస్తాయి, బి విటమిన్లు తయారుచేస్తాయి. గిన్నె వెనక ఉండటంతో ఆ సారమంతా ఒక్క దారిలో ఒంటికి పట్టదు. అందుకే మెత్తటి పెంటికల్ని కొన్నిటిని అది నేరుగా నోటితో అందుకుని మళ్ళీ తింటుంది. అసహ్యించుకోకండి, అదే దాని నెమరు.

పిండి గిన్నెలో కొత్త పిండి పడక, పాతది తియ్యక వదిలేస్తే ఏమవుతుంది? పొంగి, పులిసి, పాడవుతుంది. గినీ పిగ్ ఒక పూట తినడం మానేస్తే పేగుల కదలిక మందగిస్తుంది. లోపలి సరుకు నిలవ ఉండి గాలి చేరుతుంది. గాలి చేరితే పొట్ట బిగిసి నొప్పి, నొప్పికి ఆకలి చచ్చిపోతుంది, తినదు, పేగులు ఇంకా ఆగిపోతాయి. పైగా దానికి వాంతి చేసుకునే వీల్లేదు, లోపలికి వెళ్ళింది ముందుకే పోవాలి. అటు తిండి లేని ఒళ్ళు కొవ్వు కరిగించుకోబోతే ఆ కొవ్వంతా కాలేయంలో పేరుకుంటుంది. కుట్లు బ్రహ్మాండంగా ఉన్న గినీ పిగ్ కూడా మూడో రోజుకి పోవచ్చునంటే ఇదే దారి. మనకి ఆపరేషన్ అంటే ముందు రోజు రాత్రి నుంచీ పస్తు. దీన్ని మాత్రం రాత్రంతా పస్తుంచరు. వాంతి భయం లేదు కాబట్టి కొద్ది గంటల ముందు దాకా ఎండుగడ్డి తిననిచ్చి, మత్తు ఇచ్చే ముందు నోట్లో మిగిలిన నములుడు మాత్రం కడిగేస్తారు.

ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్ రోజుకి వంద పెంటికలకి తక్కువ వెయ్యదు. మొదటి రాత్రి బొబ్బట్టు వేసినవి తొమ్మిది. నువ్వుగింజల్లా చిన్నవి, ఎండిపోయి, రెండు మూడు ఒకదానికొకటి అతుక్కుని. మంచి పెంటిక కాఫీ గింజంత ఉంటుంది, రెండు కొనలూ గుండ్రంగా, కాస్త తడి మెరుపుతో, నలిపితే లోపల గడ్డి పీచు కనిపిస్తుంది. మా ఇంట్లో పాత క్యాలెండరు వెనకవైపు గళ్ళు గీసి, పొద్దున ఇన్ని, సాయంత్రం ఇన్ని అని మా అమ్మాయి రాయడం మొదలుపెట్టింది. పక్కన బరువు గడి. కూరలు తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి రోజూ ఒకే వేళకి తూచాం. ఆపరేషన్ రోజు 940 గ్రాములు. రెండో రోజు 902. పదో వంతు బరువు తగ్గిందంటే ఇక ఇంటి పట్టున చూసుకునే వ్యవహారం కాదని డాక్టరుగారు ముందే గీత గీశారు. మాకు ఆ గీత 846 దగ్గర.

తనంత తాను తినకపోతే సిరంజితో పట్టాలి. ఇందుకోసం గడ్డితో చేసిన పొడి తిండి దొరుకుతుంది, దొరకనిచోట అది రోజూ తినే గడ్డి గుళికల్నే మిక్సీలో మెత్తగా కొట్టి గోరువెచ్చని నీళ్ళలో జావలా నానబెట్టుకోవచ్చు. అమ్మ పెరుగన్నం కలిపి తెచ్చింది. మనకి ఏ జబ్బుకైనా పెరుగన్నమే పథ్యం కదా! గినీ పిగ్‌కి పాలూ పడవు, అన్నంలోని పిండిపదార్థమూ పడదు. పులియబెట్టే గిన్నెలో అది పడితే చెడ్డ సూక్ష్మజీవులకి విందు. పెరుగన్నం అమ్మే తినేసింది.

పట్టే పద్ధతి ఒకటుంది. తువ్వాలులో చంటిపిల్లని చుట్టినట్టు చుట్టి, వీపు మన పొట్టకి ఆనేలా ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. వెల్లకిలా వెయ్యకూడదు, జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, సిరంజి మొన అక్కడ పక్కనుంచి దూర్చి అర మిల్లీలీటరు వదలాలి. నమిలిందా, మింగిందా చూసి, మళ్ళీ అర. కిలో బరువు దానికి రోజుకి 60 నుంచి 80 మిల్లీలీటర్లు, అయిదారు విడతల్లో, అందులో ఒకటి అర్ధరాత్రి. మొదటి రోజు పట్టినదాంట్లో సగం నా చీరకే అంటింది. మూడో విడతకి అది సిరంజి మొనని పళ్ళతో పట్టుకుని లాగింది. కోపంతో లాగిందో ఆకలికి లాగిందో గానీ, నాకు మాత్రం కొండంత ధైర్యం వచ్చింది.

తినకపోవడం నొప్పి వల్ల కూడా కావచ్చు. గడ్డి మేసే చిన్న జంతువు నొప్పి బయటపెడితే గద్ద కళ్ళలో పడినట్టే. అందుకని దాచుకోవడం దాని పుట్టుక లక్షణం. అరవదు, కుంటదు. మూల చూసుకుని ముడుచుకుంటుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, కళ్ళు సగం మూసి పళ్ళు నెమ్మదిగా నూరుతుంది. ఇది చూసి "పాపం, ప్రశాంతంగా పడుకుంది" అనుకునేవాళ్ళే ఎక్కువ. నొప్పి మందు వేళ తప్పకుండా పడితేనే పేగు కదులుతుంది. చిన్న ప్రాణం కదా, ఎక్కువవుతుందేమో అని డాక్టరు రాసిన మోతాదుని ఇంట్లో సగం చేసేవాళ్ళున్నారు. చిన్న జంతువుల ఒంట్లో చాలా మందులు తొందరగా ఖర్చయిపోతాయి, కిలోకి లెక్క వేస్తే కొన్నిటి మోతాదు కుక్కకన్నా ఎక్కువే ఉంటుంది. ముసలిదాని మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఆ లెక్క సరిచేయాల్సింది డాక్టరు, మన జాలి కాదు.

ఇక గాయం మానడం సంగతి. ఇక్కడ గినీ పిగ్‌కీ మనకీ ఒక వింత బంధుత్వం ఉంది. ఎలక, పిల్లి, కుక్క, ఆవు విటమిన్ సి తమ ఒంట్లోనే చేసుకుంటాయి. ఆ తయారీలో చివరి మెట్టుకి కావలసిన ఎంజైము మనకి లేదు, గినీ పిగ్‌కీ లేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిష్ అనే ఇద్దరు, ఓడ నావికులకి వచ్చే బెరిబెరి లాంటి జబ్బుని జంతువుల్లో తెప్పించి చూడాలనుకున్నారు. గినీ పిగ్‌లకి వట్టి ధాన్యం పెట్టారు. బెరిబెరి రాలేదు. చిగుళ్ళు వాచి, ఎముకలు పెళుసై స్కర్వీ వచ్చింది. క్యాబేజీ పెడితే తగ్గింది. వాళ్ళు ఎలకల్ని ఎంచుకుని ఉంటే ఏమీ కనపడేది కాదు. విటమిన్ సి కథలో ఆ తర్వాతి మలుపులన్నిటిలోనూ, శాస్త్రవేత్త సెంట్-జార్జికి 1937లో నోబెల్ తెచ్చిన పని దాకా, పరీక్షకి నిలబడింది ఈ జంతువే.

చర్మాన్ని కుట్టి ఉంచే దారం కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులు పేనితే అది గట్టి తాడవుతుంది. ఆ పేనడానికి ముందు పోగుల మీద జరగాల్సిన చిన్న రసాయన మార్పుకి విటమిన్ సి కావాలి. లేకపోతే తాడు వదులు. పైగా కొలాజెన్ ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు, ఒళ్ళు దాన్ని జీవితాంతం విప్పి మళ్ళీ పేనుతూనే ఉంటుంది. 1740లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన జార్జ్ ఆన్సన్ నౌకల్లో స్కర్వీ సోకిన ముసలి సిపాయి ఒకడికి, 50 ఏళ్ళ కిందట ఐర్లండులో బోయిన్ యుద్ధంలో తగిలి మానిపోయిన గాయాలు మళ్ళీ విచ్చుకున్నాయని ఆ యాత్ర వృత్తాంతంలో రాశారు. యాభై ఏళ్ళ మచ్చే విడిపోతే, నిన్నటి కుట్టు మాటేమిటి?

మామూలు రోజుల్లో గినీ పిగ్‌కి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు, కోలుకునేటప్పుడు డాక్టర్లు పెంచుతారు. దాన్ని తాగే నీళ్ళలో కలిపితే వెలుతురుకీ గాలికీ కొద్ది గంటల్లోనే బలం తగ్గిపోతుంది, రుచి మారి నీళ్ళే మానేస్తే మూత్రాశయం గతి మళ్ళీ మొదటికొస్తుంది. నేరుగా నోట్లో చుక్కలుగా వెయ్యడమే నయం. మనం చప్పరించే నారింజ రుచి బిళ్ళలో చక్కెర ఉంటుంది, వద్దు. క్యాప్సికం రోజుకి ఒక ముక్క, గుప్పెడు కొత్తిమీర, ఎప్పుడైనా గోరంత జామముక్క. అన్నిటికన్నా ముందు, వినాయకుడికి పెట్టే గరిక. మందులు కొట్టని చోటునుంచి కోసి, కడిగి పెడితే ముసలిది, జబ్బుది, అలిగినది ఏదైనా సరే మూతి తిప్పడం నేను చూడలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన మాట. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవార్డ్ ఫ్లోరీ అనే శాస్త్రవేత్త ఎనిమిది చిట్టెలకలకి ప్రాణాంతకమైన బాక్టీరియా ఎక్కించి, నాలుగింటికి పెనిసిలిన్ ఇచ్చాడు. తెల్లారేసరికి మందు ఇవ్వని నాలుగూ చచ్చిపోయి ఉన్నాయి. మందు పడినవి బతికాయి. అంత గొప్ప మందుని గినీ పిగ్‌ల మీద వాడి చూస్తే అవి చచ్చిపోతున్నాయని 1943లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఫ్లోరీ చేతికి ఆ రోజు చిట్టెలకలకి బదులు గినీ పిగ్‌లు దొరికి ఉంటే పెనిసిలిన్ కథ ఎటు తిరిగేదో! మందు వాటికి విషం కాదు. అంధనాళంలోని మంచి బాక్టీరియాని అది ఊడ్చేస్తుంది, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం జాతి చెడ్డ బాక్టీరియా పెరిగి విషం కక్కుతుంది. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ అన్నీ ఈ కోవలోవే. పిల్లలకి జ్వరం వచ్చినప్పుడు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్పు ఫ్రిజ్ తలుపులో లేని ఇల్లు మన దగ్గర తక్కువ. కుట్టు ఎర్రబడిందని దాన్నుంచి రెండు చుక్కలు వెయ్యడం కన్నా ఏమీ వెయ్యకపోవడమే వెయ్యి రెట్లు మేలు. దీనికి సరిపడే యాంటీబయాటిక్స్ వేరే ఉన్నాయి. కుక్కల్నే ఎక్కువగా చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళినా, "ఇది గినీ పిగ్‌కి పడే మందేనా అండీ?" అని అడగడానికి మొహమాటపడకండి.

గాయం దగ్గర చేయాల్సిన పని నిజంగా కొంచెమే. పొట్ట నేలకి రాసుకుంటూ నడిచే జంతువు కాబట్టి రంపపు పొట్టు తీసేసి మెత్తటి ఉన్ని గుడ్డ, తువ్వాలు పరవాలి, తడిసిన ప్రతిసారీ మార్చాలి. చర్మం లోపలే కరిగిపోయే కుట్లు వేస్తారు కాబట్టి కొరుక్కోవడం తక్కువ. మెడకి ప్లాస్టిక్ గరాటు కడితే చాలావాటికి దిగులుతోనే తిండి పోతుంది. రోజుకి రెండుసార్లు చూడాలి: వాపు, చీము, వాసన, విచ్చుకోవడం. లేకపోతే ముట్టుకోవద్దు. పది పదిహేను రోజులకి అతుకుతుంది, ముసలిదానికి ఇంకో నాలుగు రోజులు పట్టినా కంగారు లేదు.

వెచ్చదనం మాట కూడా చెప్పాలి. లవోయిజే, లాప్లాస్ అనే శాస్త్రవేత్తలు 1780లలో గినీ పిగ్‌ని మంచు పేర్చిన పెట్టెలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. ప్రాణం కూడా నెమ్మదిగా మండే మంటలాంటిదేనని చెప్పిన ప్రయోగమది. ఆ మంట మత్తులో మందగిస్తుంది. మొదటి రోజు వేడినీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి పంజరంలో ఒక పక్కనే పెట్టాలి, చాలనుకుంటే అది జరిగిపోయేందుకు రెండో పక్క ఖాళీ ఉండాలి. హైదరాబాదు మే నెలలో గొడవ తిరగబడుతుంది. 28 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది, చెమట పట్టించుకునే ఏర్పాటు దాని ఒంటికి లేదు.

బొబ్బట్టుకి ఒక తోడు ఉంది, మూడేళ్ళది. గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని స్విట్జర్లండు 2008లో చట్టమే చేసింది. ఆపరేషన్ వాసనతో వచ్చినదాన్ని వెంటనే కలిపితే తోటిది గుర్తుపట్టక కరవొచ్చు, వేరే గదిలో పెడితే ఇద్దరూ తిండి మానొచ్చు. మధ్యలో జాలీ అడ్డం పెట్టి పక్కపక్కనే ఉంచాం. రెండో రాత్రి చూస్తే అటూ ఇటూ జాలీకి ఆనుకుని, వీపూ వీపూ కలిపి పడుకున్నాయి. చిన్నది కరకరా గడ్డి నములుతుంటే ఆ చప్పుడుకి పెద్దది మూతి కదిపింది. నాలుగో రోజు పొద్దున మార్కెట్ నుంచి వచ్చి కొత్తిమీర కట్ట ఉన్న క్యారీబ్యాగ్ నేల మీద పెట్టానో లేదో, ఆ గరగరకి లోపలి గదిలోంచి ఈల వేసినట్టు కేక. అమ్మ వంటింట్లోంచే, "లేచిందే మీ మామ్మ!" అంది.

ఆ రోజు 71 పెంటికలు, 898 గ్రాములు. సిరంజి వెంటనే మానెయ్యలేదు. జావకి పళ్ళు అరగవు. దాని 20 పళ్ళూ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, పొడుగు గడ్డి గంటల తరబడి నమిలితేనే అదుపులో ఉంటాయి. నమలడం ఆగితే కింది దవడపళ్ళు లోపలికి వాలి నాలుక మీద వంతెన కడతాయి. ఎండుగడ్డి తనంత తానుగా తింటున్న కొద్దీ ఒక్కో విడతా తగ్గించుకుంటూ తొమ్మిదో రోజుకి ఆపేశాం. మూడో వారానికి 931.

మీ ఇంట్లో నాలుగేళ్ళు దాటిన గినీ పిగ్ ఉంటే, దానికి ఏ జబ్బూ లేకపోయినా సరే, ఈ ఆదివారం కూరల త్రాసు మీద ఒకసారి కూర్చోబెట్టి ఆ అంకెని క్యాలెండరు మీద రాసి పెట్టండి. వచ్చే ఆదివారం మళ్ళీ తూచండి.